ఎల్లాజమ్మ మెడ కొలత

నేనొక ముఖాన్ని, ప్లాస్టిక్ ముఖాన్ని. మొదట చిల్లుల రేకును మాత్రమే. ఆసుపత్రిలో వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక ఎల్లాజమ్మ తల నుంచి భుజాల దాకా పరిచి నొక్కారు. చల్లారేసరికి ఆమె ముక్కు, గడ్డం, మెడ నావైపోయాయి.

ఎల్లాజమ్మ భీమిలి వైపు చేపలమ్మే మనిషి. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే అలవాటు ఆమె అంగిలిలో క్యాన్సర్ పుండైంది. కిరణాల వైద్యం జరిగినన్నాళ్లూ నన్ను ఆమెకు తొడిగి బల్లకు బిగించేవారు. "కదలకమ్మా" అని చెప్పి అందరూ గది బయటికి పోయేవారు. అంత మంచి వైద్యమైతే తామెందుకు ఉండరో నాకు అర్థమయ్యేది కాదు. ఆమె ఊపిరి మాత్రం నా చిల్లుల్లో వేడిగా కొట్టుకునేది.

పుండు మానింది. భర్త దానయ్య నన్ను ఇంటికి తెచ్చి దూలానికి తగిలించాడు. పారేస్తే పెళ్లాం ముఖాన్ని పారేసినట్టుంటుందట.

ఏడాది తిరిగింది. దానయ్య లేని ఒక మధ్యాహ్నం ఎల్లాజమ్మ నన్ను దించి తొడుక్కుంది. చిక్కిన చెంపల దగ్గర వదులయ్యాను. ఎడమ దవడ కింద మాత్రం ఎంత నొక్కినా ఆనలేదు. అక్కడ నిమ్మకాయంత గడ్డ. నన్ను మళ్లీ తగిలించి, మెడకు కొంగు చుట్టుకుంది. మండుటెండలోనూ తీయలేదు.

దానయ్యే ఓనాడు కొంగు లాగేశాడు.

"ఒలే, ఎందుకు దాసినావే?"

"మల్లీ ఆ బల్లకి బిగించేత్తారు. ఊపిరాడదు. సచ్చినా సరే, నానెల్లను!"

అతను అన్నం ముట్టకుండా గడపలో కూర్చున్నాడు. మర్నాడు ఆమే ఆసుపత్రికని చీర మార్చుకుంది. మళ్లీ పనికొస్తానేమోనని దానయ్య నన్ను సంచిలో పెట్టుకున్నాడు.

"కిరణాలు పడ్డచోట మళ్లీ ఇవ్వడం కష్టం," అన్నాడు డాక్టరు. "ఆపరేషన్ చెయ్యాలి. గాయం తొందరగా మానదు. ఎడమ చెయ్యి పైకెత్తలేకపోవచ్చు."

"కోత్తారా?"

"అవునమ్మా."

ఎల్లాజమ్మ చాన్నాళ్లకు నవ్వింది. "కొయ్యండి బాబూ. బిగించకండి."

గాయం మానడానికి వానాకాలమంతా పట్టింది. తట్ట నెత్తికెత్తుకునే బలం ఆ భుజానికి రాలేదు. ఇప్పుడు దానయ్య మోస్తాడు. మగాడు తట్ట మోయడమేమిటని వీధి నవ్వుతుంది. అతని ముందు నడుస్తూ ఎల్లాజమ్మ బొంగురు గొంతుతో చేపల పేర్లు పిలుస్తుంది. గడ్డ మళ్లీ రాదని డాక్టరు మాటివ్వలేదు. ఆమె అడగనూ లేదు.

నేను దూలానికే ఉన్నాను. నాలో ఉన్నది గడ్డా కోతా లేని ఆ పాత మెడ. దాన్ని విడిచి ఆమె వీధిలోకి వెళ్లిపోయింది. నేనింకా దాని చుట్టూ బిగిసే ఉన్నాను.