అంచు సీటు

ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేసే కల్పలతకు, వాన కురిసిన రోజున మెట్టుగూడలో ఇల్లు చేరడం పెద్ద పని. ఆ సాయంత్రం బస్సు ఒకటి వచ్చింది గానీ, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న జనంతో ఆగకుండానే వెళ్లిపోయింది. బైక్ ట్యాక్సీ బుక్ చేస్తే, వస్తానన్నవాడు కాసేపటికి క్యాన్సిల్ చేశాడు. చివరికి ఒక షేర్ ఆటో దొరికింది. వెనక సీటులో అప్పటికే ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఉన్నారు. కల్పలత ఎడమవైపు అంచున కూర్చుంది. అక్కడైతే ముందుగా దిగిపోవచ్చు, గాలీ తగులుతుంది.

నేరేడ్‌మెట్ దగ్గర గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. డ్రైవరు ఓంప్రకాశ్ ఆటో ఆపాడు.

"అమ్మా, నాకు మోకాలు ముడవదు. ఆ అంచున నన్ను కూర్చోనిస్తావా? కాలు కాస్త బయటికి పెట్టుకుంటాను" అన్నాడాయన.

"ముందల జాగ ఉంది గద సార్, డ్రైవర్ పక్కన."

"అక్కడ కాలు అసలే పట్టదమ్మా."

కల్పలత మొహం ముడుచుకునే లోపలికి జరిగింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా, తన పేరు దేవసహాయమనీ, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాననీ ఆ పిల్లలతో మాట కలిపాడు.

రైల్వే వంతెన కిందికి వచ్చేసరికి నీళ్లు నిలిచి ఉన్నాయి. మధ్యలోకి వెళ్లాక ఆటో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"సైలెన్సర్ల నీళ్లు వోయినయ్. జెర దిగి ఒక చెయ్యేస్తే ఒడ్డుకు పడ్తం" అన్నాడు ఓంప్రకాశ్.

అంచున ఉన్న దేవసహాయమే ముందు దిగాలి. "ఏముంది, మోకాలి లోతే" అంటూ గొడుగు విప్పి కాలు కింద పెట్టాడు.

మరుక్షణం ఆయన లేడు.

కేక వినిపించలేదు. మనిషి పడిన చప్పుడు కూడా సరిగా కాలేదు. విప్పిన గొడుగు మాత్రం నీళ్ల మీద మెల్లగా తిరుగుతోంది. ఆయన వెనకే దిగబోయిన కల్పలత, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఇప్పటిదాకా పక్కన కూర్చుని మాట్లాడిన మనిషి ఎటు పోయాడో ఆమె బుర్రకు ఎక్కలేదు.

అప్పుడు కనిపించాయి, ఆటో అడుగున ఇనుప కమ్మీని పట్టుకున్న నాలుగు వేళ్లు.

ఆమె బోర్లా పడి ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకుంది. కిందనుంచి నీళ్లు ఆయన్ని గుంజుతున్నాయి. పిల్లలిద్దరూ ఆమె నడుము పట్టుకున్నారు.

"ఇడ్వకు అక్కా, వస్తున్న" అంటూ ఓంప్రకాశ్ ఆటోను పట్టుకుని, పాదం పైకెత్తకుండా నేలను రాస్తూ చుట్టూ తిరిగి వచ్చాడు. చంక కింద చెయ్యి దూర్చి లాగితే ముందు తల, ఆ తర్వాత భుజాలు పైకి వచ్చాయి. ఒక కాలికి చెప్పు లేదు.

ఆయన్ని సీటులో కూర్చోబెట్టారు. నీళ్లు కక్కి, వణుకుతూ కూర్చున్నాడు. ఓంప్రకాశ్ ఆ నీళ్లవైపే చూస్తున్నాడు.

"మ్యాన్‌హోల్ మీద మూత లేదు. పొద్దుగాల సుత గీన్నుంచే వోయిన నేను" అన్నాడు నెమ్మదిగా.

వెనక బండ్ల హారన్లు మోగుతున్నాయి. దేవసహాయం కల్పలతను తేరిపార చూశాడు.

"అది నీ చోటమ్మా" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, కిందికి వేలాడుతున్న కాళ్లను సీటు మీదికి లాక్కుంది.

వెనక లారీలోంచి దిగినవాళ్లు కర్రతో నేల తడుముతూ వచ్చి ఆటోను వెనక్కి లాగారు. ఫోను చేస్తే దేవసహాయం కొడుకు పాల్ వచ్చి తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్తూ కల్పలత ఫోను నంబరు అడిగి రాసుకున్నాడు.

మర్నాడు ఆమె బస్సులో అదే దారిన వెళ్లింది. నీళ్లు తగ్గిపోయాయి. మనిషిని మింగిందంటే ఆ మ్యాన్‌హోల్ బావంత ఉంటుందనుకుంది. తీరా చూస్తే పెద్ద చాటంత వెడల్పు. ఎవరో అందులో చెట్టుకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. బండ్లు దాన్ని తప్పించుకుని మామూలుగానే పోతున్నాయి. ఇంతేనా అనిపించింది ఆమెకు.

క్లినిక్‌లో ఉండగా ఫోను మోగింది.

"దేవసహాయాన్నమ్మా. పక్కటెముకలు నొప్పిగా ఉన్నాయి, ఏమీ విరగలేదన్నారు. కానీ మంచం దిగాలన్నా ముందు చేత్తో నేల తడిమి చూసుకుంటున్నాను. మా ఆవిడ ఎలీసబెతు చూసి ఏడుస్తోంది."

"నాకు సుత గట్లనే ఉంది సార్. బస్సు దిగుతుంటె కాలు ముందుకు వోలే. ఎనుకున్నోళ్లు తిడుతుంటె గూడ అట్లనే నిలవడ్డ."

ఆయనకు కృతజ్ఞత చెప్పాలని కల్పలతకు ఉంది. చెబితే ఆయన పడిపోయినందుకు సంతోషించినట్టు అవుతుందేమోనని నోరు రాలేదు. కౌంటరు ముందు ఇద్దరు పేషెంట్లు వచ్చి నిలబడ్డారు. కల్పలత వాళ్లను కూర్చోమని సైగ చేసి, ఫోను చెవికి ఆనించుకుని, అవతల ఆయన ఊపిరి వింటూ ఉండిపోయింది.