నల్లిబొక్క చప్పుడు

దిల్‌సుఖ్‌నగర్‌లో బాలమల్లు ఇంట ఆదివారం అంటే మటన్. ఇంటిల్లిపాదీ ఒకే బంతిలో కూర్చుని తినాలి. నల్గొండ పల్లె విడిచి ఏళ్లు గడిచినా ఆ కట్టుబాటును ఆయన విడవలేదు. నల్లిబొక్కలోని మూలుగను పక్కింటికి వినపడేలా జుర్రితే తప్ప ఆయనకు తిన్నట్టే ఉండదు. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. ఆ చప్పుడుకు కొత్త కోడలు జ్యోతిక పళ్లెం పట్టుకుని బాల్కనీలోకి పోవడమే అందరికీ తప్పుగా కనపడింది.

ఆమెకది చిన్ననాటి నుంచీ ఉన్న బాధ. పక్కన ఎవరైనా నమిలినా, జుర్రినా గుండె దడదడలాడుతుంది, ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొస్తాయి. తుర్కయంజాల్‌లో ఉండే తల్లి అండాలమ్మకు ఈ సంగతి తెలుసు. "పెండ్లయితే అన్నీ సర్దుకుంటయ్ బిడ్డా, ఎవ్వరికీ చెప్పకు" అని నోరు మూయించి పంపింది. మన తల్లులకు అన్ని రోగాలకూ ఒకటే మందు, పెళ్లి!

భర్త గజేందర్ ఆమెను ఎల్బీనగర్‌లో చెవుల డాక్టరుకు చూపించాడు. "చెవులు బాగున్నాయి. కొందరికి కొన్ని చప్పుళ్లు వింటే మెదడు అపాయం వచ్చినట్టు బెదిరిపోతుంది. ఆమె కావాలని చేయడం లేదు. తినేటప్పుడు కొంచెం దూరంగా కూర్చోనివ్వండి" అన్నాడాయన. గజేందర్ ఇంటికొచ్చి చెవులు బాగున్నాయన్న మొదటి మాట ఒక్కటే చెప్పాడు. మెదడు అంటే పిచ్చి అనుకుంటారని అతని భయం.

"చెవులు మంచిగుంటే మరి ఏందిది? పొగరు!" అని తేల్చేసింది అత్త యాదలక్ష్మి.

ఆ అత్తే, కూతురు సౌందర్య మొదటి కాన్పుకు వచ్చినప్పటి నుంచి మిక్సీ ముట్టలేదు. ఆ రొదకు కూతురి తల పగిలిపోతుందట. "నా బిడ్డ చెవులు నాజూకు" అని మురిపెంగా చెప్పుకుంటూ రోట్లో పచ్చడి నూరేది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు.

చివరికి కోడలి సంగతి తేల్చడానికి ఇంట్లోనే పంచాయితీ పెట్టారు. కులపెద్ద భిక్షపతి ఒక పరీక్ష చెప్పాడు. "గీ పూట అందరం గీడనే తింటం. కోడలు బంతిల కూసోని తినాలె. మధ్యల లేస్తే పుట్టింటికి పోవాలె."

నల్లిబొక్కలు వడ్డించారు. జ్యోతిక గోళ్లు అరచేతిలో దిగేలా పిడికిలి బిగించి కూర్చుంది. బాలమల్లు బొక్కను పళ్లేనికి కొట్టి జుర్రాడు. ఆయన వెంట బంతంతా జుర్రింది. ఆమె చెవులు మూసుకుని, ఏడుస్తూ లేచిపోయింది.

"చూసిన్రా?" అన్నాడు భిక్షపతి, మూతి తుడుచుకుంటూ.

గజేందర్ తల వంచుకున్నాడు. సౌందర్యే నోరు విప్పింది. "అమ్మా, నా కోసం మిక్సీ బంద్ చేస్తివి గదా. వదినెను జర పక్కకు కూసోనిస్తే మనదేం పోతది?"

యాదలక్ష్మి తడుముకోలేదు. "నువ్వు బిడ్డవు. అది కోడలు."

సాయంత్రం అండాలమ్మ వచ్చి కూతుర్ని ఆటోలో తీసుకుపోయింది. ఆటో మలుపు తిరిగాక గజేందర్ డాక్టరు చెప్పిన మిగతా మాట బయటపెట్టాడు.

"గా ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు బాలమల్లు.

"చెప్తే మీరు ఇనేటోళ్లా నాయినా?"

ఈ ప్రశ్న మీ ఇంట్లో కూడా ఒకసారి అడిగి చూడండి. ఇతరుల చెవి పడే బాధ మన చెవికి వినపడదు, చెప్పినప్పుడు నమ్మడమే మనం చేయగలిగింది. కూతురి చెవులు నాజూకైతే, కోడలి చెవులూ నాజూకే.