మొండయ్యకు వంతవాళ్లు కావాలి

మొండయ్యకు గట్టి వంతవాళ్లు కావాలట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

మా మేళంలో ఆయన ఒగ్గుకథ చెబుతాడు, నేను డోలు కొడతాను, ఆయన మేనల్లుళ్లు హనుమండ్లు, అయిలయ్య వంత పాడతారు. కథకుడి దమ్ము ఆగినచోట మాట అందుకుని, ఆయన మళ్లీ ఊపిరి తీసుకునేదాకా పాటను నిలబెట్టడమే వంత. మొన్న మెట్‌పల్లిలో బీరప్ప పండుగనాడు మొండయ్య దమ్ము చరణం నడుమ తెగిపోయింది. వాళ్లిద్దరూ అందుకోలేదు, నోళ్లు తెరుచుకుని ఆయన ముఖం చూస్తూ నిలబడ్డారు. జనం నవ్వారు. సుల్తానాబాద్ కులపెద్ద అక్కడే ఉన్నాడు. వచ్చే ఆదివారం తమ ఊళ్లో చెప్పే కథ కూడా ఇట్లాగే అయితే ఇక మా మేళాన్ని పిలిచేది లేదని చెప్పి లేచిపోయాడు.

ఇంటికొచ్చి మొండయ్య తిట్టని తిట్టు లేదు. ఎద్దుల్లా తిని పిల్లుల్లా పాడతారన్నాడు. అంజన్నను ఎట్లాగైనా పట్టుకురమ్మని నన్ను తోలాడు.

అంజన్న అంతటి వంతగాడు మా మేళంలో మళ్లీ పుట్టలేదు. పోలీస్ యాక్షన్ అయిన ఏడు ధర్మపురిలో జనం అతని వంతకు తలలూపారని, కథ ముగియగానే మొండయ్య అతని చేతిలోని తాళాలు గుంజుకుని వెళ్లగొట్టాడు. ఆనాటి నుంచి మేనల్లుళ్లకు ఒక్కటే పాఠం: నాకంటే పైకి గొంతెత్తితే మీకూ అదే గతి. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పిలవాలి? అయినా పోయి అడిగితే, అంజన్న నాకు మంచినీళ్లిచ్చి, రానని చెప్పి, గొర్రెలు తోలుకుని పోయాడు. నాకు సిగ్గేసింది.

తిరిగొచ్చేసరికి మొండయ్య మేనల్లుళ్లను వాకిట్లో నిలబెట్టి, గట్టిగా పాడమని అరుస్తున్నాడు. వాళ్లకు గొంతు పెగలడం లేదు. మీకసలు గొంతే లేదా అని నా ముందే గద్దించాడు.

"ఎట్లుంటదన్నా? పదేండ్ల సంది నువ్వే పిసుకుతున్నవ్. గిప్పుడు రమ్మంటే యాడికెళ్లి వస్తది?" అన్నాను.

ఆయన నా మీదికి చెయ్యి లేపాడు. కొట్టలేక దించాడు. అరుగు మీద కూర్చుని, తన చేతి ఒగ్గును, ఎవరినీ ముట్టనివ్వని ఆ చిన్న డమరుకాన్ని, హనుమండ్లుకు ఇచ్చాడు.

"నువ్వు చెప్పు. నేను వంత పాడ్త."

హనుమండ్లు మొదలుపెట్టాడు. నేను డోలు అందుకున్నాను. రెండో చరణానికి అతని గొంతు విచ్చుకుంది. ఇన్నేళ్లు పక్కనే ఉండి నేను ఒక్కనాడూ వినని గొంతు అది, నిండుగా ఉంది. మొండయ్య వంత అందుకున్నాడు. అందుకున్నవాడు వదల్లేదు. ఉన్న దమ్మంతా పెట్టి మేనల్లుడి గొంతు మీదుగా పైకి పోయాడు, ఇంకా పైకి పోయాడు. హనుమండ్లు గొంతు కుంగిపోయింది.

నేను డోలుకర్ర పారేసి, పెద్దవాడని కూడా చూడకుండా మొండయ్య నోరు మూశాను.

"పాడురా హనుమండ్లూ."

హనుమండ్లు మా ఇద్దరినీ చూసి, తర్వాతి చరణం ఎత్తుకున్నాడు. మొండయ్య నా అరచేతిని కరిచాడు. నేను చెయ్యి తియ్యలేదు.