రాతి ఏనుగును కొట్టిందెవరు?

"ఆ గేమ్ డబ్బా వారానికొకసారి ఛార్జింగ్ పెట్టు. లేకుంటే బ్యాటరీ చచ్చిపోతాది" అన్నాడు నా మొగుడు ఇర్ఫాన్, కువైట్‌కు బయలుదేరుతూ, గడపలో చెప్పులు తొడుక్కుంటూ. అప్పటికే చాలా పనులు అప్పజెప్పాడు. అమ్మకు బీపీ మాత్ర తప్పించొద్దు. బండి ఊరికే నిలబెడితే పాడైపోతాది, అప్పుడప్పుడు స్టార్ట్ చేసి ఆపు. స్టార్ట్ చేసి ఆపమన్నాడు గానీ నడపమనలేదు. ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు, స్టాండు వేసిన బండిని తన్ని స్టార్ట్ చేసి, అది అరుస్తున్నంతసేపూ పక్కన కాపలా నిలబడి, మళ్ళీ ఆపి లోపలికి వచ్చేదాన్ని. ఎదురింటివాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వరా మరి.

గేమ్ డబ్బా ఆయనది. అరచేతుల్లో పట్టేంతది, మధ్యలో తెర, రెండు పక్కలా మీటలు. కువైట్‌లో ఆయన గదిలో ఉండే మలయాళీ ఒకాయన సొంతూరికి వెళ్ళిపోతూ ఇచ్చాడట. సెలవుకు వచ్చిన నెల రోజుల్లో ఇర్ఫాన్ నాతో మాట్లాడిన మాటలకంటే దాన్ని తిట్టిన తిట్లే ఎక్కువ. చివరికి విసుగొచ్చి ఇంట్లోనే పడేసి పోయాడు. నేను దాన్ని తుడిచి, ఛార్జింగ్ పెట్టి, పచ్చదీపం వెలిగాక తీసి బీరువాలో పెట్టేదాన్ని. మాత్రలు, బండి, డబ్బా. మూడూ ఒకే రకం పనులు నాకు.

ఒక మధ్యాహ్నం కొళాయి నీళ్ళ కోసం బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నప్పుడు ఊరికే దాన్ని వెలిగించాను. ఎందుకు వెలిగించానో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త ఖమ్రున్నీసా లోపల మంచం మీద కునుకు తీస్తోంది. డబ్బాలోంచి డోలు మోగింది. సన్నగా, దూరంగా, కానీ డోలే. నా వేళ్ళు తొడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

మాది జమ్మలమడుగు. దూదేకులవాళ్ళం. మా నాయన వలి బాషా గుడి సేవకు, పెళ్ళి మేళాలకు డోలు వాయిస్తాడు. అన్నలిద్దరికీ నేర్పాడు. వాళ్ళు వాకిట్లో కూర్చుని తకధిమి చెబుతుంటే నేను పక్కన చేటలో బియ్యం ఏరేదాన్ని. నాయన వేళ్ళకు వేసుకునే తొడుగులు, గుడ్డపేలికలకు గంజి పట్టించి, ఒక్కొక్కటీ చుట్టి, ఎండబెట్టి ఇచ్చేది నేనే. ఒకసారి ఎవరూ లేరని డోలు మీద చెయ్యి వేస్తే నాయన చూశాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఆడపిల్ల డోలు మెడకేసుకుంటే ఎవురు చేసుకుంటారు తల్లీ" అన్నాడు, శానా ప్రేమగా. అంత ప్రేమగా చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఎట్లాగో నాకు తెలియలేదు.

ఆ డబ్బాలో ఆట ఏమిటంటే, తెర మీద చిన్న చిన్న మట్టిబొమ్మల్లాంటి సైనికులు ఉంటారు. వాళ్ళను నెట్టే మీట ఏదీ లేదు. నాలుగు మీటలున్నాయి, నాలుగూ డోళ్ళే, ఒక్కోదానిది ఒక్కో మోత. ఒక వరసలో నాలుగు దెబ్బలు కొడితే వాళ్ళు నడుస్తారు. ఇంకో వరసకు ఈటెలు విసురుతారు. ఇంకో వరసకు డాళ్ళు అడ్డం పెట్టుకుంటారు, మరో వరసకు వెనక్కి పరుగెత్తుతారు. దెబ్బ రవ్వంత ముందు పడినా వెనక పడినా వాళ్ళకు వినపడదు, దిక్కులు చూస్తూ నిలబడిపోతారు. సరిగ్గా పడిందా, నేను కొట్టిన నాలుగు దెబ్బలకు వాళ్ళు మరో నాలుగు దెబ్బల కాలం గొంతెత్తి పాడుతూ నేను చెప్పింది చేస్తారు. వాళ్ళు పాడినంతసేపూ నేను చెయ్యి కదపకూడదు. తర్వాత ఏం చెప్పాలో ఆ సందులోనే ఆలోచించుకోవాలి.

వాళ్ళు మొదటిసారి బదులు పాడినప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇదేం పిచ్చి అనుకున్నాను. నిఖా అయ్యి ఈ ఇంటికొచ్చిన దగ్గరినుంచీ నేను మాట అంటే అది గోడకు తగిలి కింద పడుతుంది. అత్తా, కూరలో ఉప్పు సరిపోయిందా అంటే పలకదు, సరిపోకపోతే వీధి వీధంతా వినపడేటట్టు చెబుతుంది. ఫోన్లో ఇర్ఫాన్‌కు నేనేమన్నా చెప్పబోతే "అమ్మకియ్యి" అంటాడు. పులివెందులలో ఉండే ఆడబిడ్డ ఫర్హానా ప్రతి పండక్కీ వచ్చి "కడుపు ఎప్పుడు పండుతాది వదినా" అని అడుగుతుంది. మొగుడు కువైట్‌లో, కడుపు ప్రొద్దుటూరులో ఉంటే ఎట్లా పండుతుందో ఆమే చెప్పాలి. ఇంతమంది పలకనిచోట పలికింది ఆ బొమ్మలే. బొమ్మలు పలికితే ఏడ్చే ఆడదాన్ని ఏమంటారో నాకు తెలియదు.

రోజూ నీళ్ళొచ్చే వేళకు ఆడేదాన్ని. దాచిపెట్టుకుని కాదు. అత్త చూసింది కూడా. "ఏంది ఆ టకటక" అంది ఒకసారి. "ఛార్జింగ్ చూస్తాండా అత్తా" అన్నాను. అబద్ధం ఎందుకు చెప్పానో అదీ అర్థం కాలేదు.

ఇర్ఫాన్‌ను ఓడించిన చోటు ఒకటుంది ఆ ఆటలో. రాతి ఏనుగు. అది కాలెత్తి తొక్కితే సైన్యమంతా ముద్ద. ఆయన ఆడేటప్పుడు నేను రొట్టెలు పెడుతూ చూశాను, కొట్టు కొట్టు అని ఒకటే కొట్టించేవాడు. నాకూ చాలారోజులు అదే గతి పట్టింది. ఒకరోజు ఓడిపోతూనే చూశాను. కాలెత్తే ముందు ఏనుగు చెవి ఒకటి మడుస్తుంది. కాలెత్తినాక వెనక్కి రమ్మంటే లాభం లేదు, మన మాట వాళ్ళకు చేరేసరికి తొక్కేస్తుంది. చెవి మడిచిన వెంటనే, ఈటెలు బాగా తగులుతున్నాయన్న ఆశ చంపుకుని, వెనక్కి రమ్మని కొట్టాలి. తొక్కి అలిసిపోయాక మళ్ళీ ముందుకు.

ఇది నాకు కొత్త విద్యేం కాదు. అత్త మంచం కిర్రుమంటే వేడినీళ్ళు పెట్టాలి, దగ్గితే గ్లాసు అందించాలి, ఫోన్లో ఇర్ఫాన్ గొంతు సన్నబడితే నోరు మూసుకోవాలి. ఇంట్లో పొద్దస్తమానం చేసేది ఎవరి చెవి ఎప్పుడు మడుస్తుందో చూసుకోవడమే. అదే పని ఇంట్లో చేస్తే ఒళ్ళు హూనమైపోతుంది. డబ్బాలో చేస్తే ఒళ్ళు తేలికవుతుంది. ఏనుగు కూలిన రోజు పొయ్యి మీద పప్పు మాడిపోయింది, అత్త నానా మాటలూ అంది, నాకు ఒక్కటీ తగల్లేదు. ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక బండి స్టార్ట్ చేసి దాని పక్కన నిలబడ్డాను.

ఇర్ఫాన్ మళ్ళీ సెలవుకు వచ్చాడు. మర్నాడు మంచం మీద పడుకుని డబ్బా వెలిగించాడు. నేను కళ్ళు మండుతుంటే ఎర్రగడ్డలు తరుగుతున్నాను. వెలిగించినవాడు లేచి కూర్చున్నాడు.

"ఈ ఏనుగును కొట్టిందెవురు?"

"నేనే."

నవ్వాడు. తర్వాత సైన్యాన్ని చూశాడు, అది దాటి ఎంత దూరం పోయిందో చూశాడు. నవ్వు పోయింది.

"నిజం చెప్పు మాబున్నీ. ఇంటికెవురొస్తాండారు?"

నాకు మొదట ఆ మాట అర్థం కాలేదు. అల్లా సాక్షిగా అర్థం కాలేదు. ఎవరొస్తారు, గ్యాస్ బండ తెచ్చేవాడొస్తాడు అన్నాను. అన్నాక ఆయన ముఖం చూస్తే అర్థమైంది, ఏనుగును కొట్టింది ఇంటికొచ్చే మగవాడెవడో అనుకుంటున్నాడని. చేతిలో కత్తి అట్లే ఉంది, ఎర్రగడ్డ అట్లే ఉంది.

"ఈడకెవురొస్తారప్పా" అంది అత్త ముందు. ఆ ఒక్కమాటతో ఆగి ఉంటే ఆమెకు జన్మంతా రుణపడి ఉండేదాన్ని. ఆగలేదు. "ఇన్వర్టరు బాగుచేసేదానికి ఒకడొచ్చినాడు. శానాసేపే ఉన్నాడు. ఆ కేబులోడు దీంతో నవ్వతా మాట్లాడ్తాంటాడు. నిప్పు లేందే పొగొస్తాదా" అంది.

"నేనే ఆడినా. ఇయ్యి, ఇప్పుడే ఆడి చూపిస్తా" అన్నాను.

ఇయ్యలేదు. "కువైట్‌లో మా రూమంతా కలిసి కొట్టలేకపోయినాం దాన్ని. నువ్వు కొడతావా?" అన్నాడు. డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. "మీ నాయన్ను పిలిపిస్తా. ఆయన ముందర ఆడు. ఆడకపోతే ఆయనతోనే పో."

పో అంటే ఏమిటో నాకు తెలుసు. జమ్మలమడుగుకు పంపిస్తారు, మళ్ళీ తీసుకురారు. ఎందుకు పంపారో ఊరే చెప్పుకుంటుంది. నాయన మేళానికి వెళ్ళిన ప్రతి పెళ్ళిపందిట్లో చెప్పుకుంటుంది. నాయన వచ్చేదాకా నేను వండాను, ఉతికాను, అత్తకు మాత్ర ఇచ్చాను. ఆ రెండు రోజుల్లో ఒక దశలో నామీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా నేనే ఆడానా? నాకెట్లా వచ్చింది అది? ఇంతమంది మగవాళ్ళకు రానిది నాకెట్లా వస్తుంది?

శుక్రవారం నమాజు అయ్యాక నాయన వచ్చాడు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు, తప్పు చేసినవాడి మాదిరి. ఆయన అట్లా కూర్చోవడం చూసి నాకు కడుపు మండింది. ఫోన్ స్పీకర్లో పులివెందుల నుంచి ఫర్హానా. "వదినా, ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పేయి. అన్నకు నేను సర్దిచెప్తా" అంటోంది. తను మంచిదాన్నే అనుకుంటోంది. ఇర్ఫాన్ తాళం తీసి డబ్బా నా చేతికిచ్చాడు. ఏనుగు దగ్గరే మొదలుపెట్టి ఇచ్చాడు.

మొదటి దెబ్బలే తప్పాయి. బొమ్మలు దిక్కులు చూశాయి. ఏనుగు తొక్కేసింది.

"చూడు మామా" అన్నాడు ఇర్ఫాన్ మా నాయనతో.

"ఉండప్పా. పిల్లను కాలం పట్టుకోనీ" అన్నాడు నాయన. కుర్చీ చేతి మీద వేళ్ళతో మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టాడు, నాకు సాయంగా. ఆ వేళ్ళు చూశాను. ఎన్ని ఏళ్ళు తొడుగులు చుట్టాను వాటికి.

"నువ్వు ఆపు నాయనా" అన్నాను. "నాది నేను పట్టుకుంటా."

ఆపాడు. ఇంకోసారి మొదలుపెట్టాను. నడిపించాను, విసిరించాను. చెవి మడిచింది, వెనక్కి పిలిచాను. తొక్కింది, దుమ్ము లేచింది, ఒక్కడూ చావలేదు. బొమ్మలు పాడుతున్నాయి, నా వేళ్ళు వాటి పని అవి చేసుకుంటున్నాయి. నేను ఏనుగుతో ఆడుతున్నానా, గదిలో కూర్చున్న వీళ్ళతో ఆడుతున్నానా తెలియలేదు. మూడోసారి వెనక్కి పిలిచి ముందుకు నడిపించాక ఏనుగు మోకాళ్ళ మీద కూలింది.

ఇర్ఫాన్ తెరను చూశాడు. "నువ్వేనా" అన్నాడు, తర్వాత నవ్వాడు, పాత నవ్వే. "సరేలే. అడిగితే తప్పేముంది, మొగున్ని కదా. మనసులో ఏం పెట్టుకోవాకు."

"ఇంటి పరువు నిలబడింది. అదే చాలు" అంది అత్త. ఫోన్లో ఫర్హానా కూడా "అల్లా దయ" అంది.

నాయన ముందుకు వంగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఎవురమ్మా నీకు నేర్పింది?" అన్నాడు. ఆయనకు కూడా నా వెనక ఎవరో ఒకరు కావాల్సి వచ్చింది.

అందరూ తేలికపడ్డారు. ఇంట్లో పెళ్ళి సంబంధం కుదిరినట్టు సర్దుకుని కూర్చున్నారు. నాకొక్కదానికే తేలిక కాలేదు. గెలిచాను కదా, పంపించరు కదా, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేను అడుగుతున్నాను. ఈ ఆట నాకు రాకపోయి ఉంటే? మొదటిసారి మాదిరే దెబ్బలు మళ్ళీ తప్పి ఉంటే? అప్పుడు కూడా నేను ఇదే మాబున్నినే కదా. ఏ తప్పూ చేయని మాబున్నిని. కానీ ఈపాటికి జమ్మలమడుగు బస్సు కోసం నాయన వెనక నిలబడి ఉండేదాన్ని.

"మాబున్నీ, మీ నాయనకు టీ పెట్టు" అంది అత్త.

నేను లేవలేదు. డబ్బాను మంచం మీద పెట్టి ఇర్ఫాన్ వైపు తిరిగాను.

"నేను అందరి ముందర ఆడి చూపించినా. ఇంక నువ్వు చెప్పు. కువైట్‌లో ఇన్నేండ్లు నువ్వు ఎట్లుంటివో, మా నాయన ముందర, మీ యమ్మ ముందర ఏం చేసి చూపిస్తావు?"

గొంతు పెంచలేదు. ఫోన్లో ఫర్హానా "ఏంది, ఏమంటాంది వదిన?" అంటోంది. ఇర్ఫాన్ వాళ్ళమ్మ వైపు చూశాడు.

"నీకు అనుమానమా నామీద?" అన్నాడు చివరికి.

లేదు. ఏనాడూ లేదు, ఇప్పుడూ లేదు. లేదు అన్న ఆ ఒక్క మాట పైకి అంటే ఆయన మళ్ళీ నవ్వుతాడు, అత్త టీ అంటుంది, నాయన కుర్చీలో వెనక్కి ఆనుకుంటాడు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. నేను దాన్ని చెప్పలేదు.