మర్యాదకు పిలిచిన పిలుపు

మా కెర్మాన్‌లో మనిషిని నిలువునా ముంచాలంటే మోసం అక్కర్లేదు, మర్యాద చాలు. దిగేటప్పుడు కిరాయి ఎంతని అడిగితే టాక్సీవాడు "మీ దగ్గర తీసుకుంటానా, ఉండనివ్వండి" అంటాడు. నిజమే కాబోలని దిగిపోతే వెంటపడి తిడతాడు. ఇంటికొచ్చినవాళ్లు మీ తివాచీ బాగుందన్నారనుకోండి, "మీదే అనుకోండి, పట్టుకెళ్లండి" అని మీరనాలి. వాళ్లు వద్దనాలి. మీరు మళ్లీ బతిమాలాలి. మూడుసార్లు ఆ తంతు ముగిశాక తివాచీ ఎక్కడిదక్కడే ఉంటుంది, అందరూ కూర్చుని టీ తాగుతారు. దీన్నే మేము తారొఫ్ అంటాం. పుట్టినప్పటినుంచీ ఇందులోనే ఈదుతాం గనక ఎవరూ మునగరు. తూరాన్ కలాంతరీ మునిగింది.

తూరాన్ లెక్కల మనిషి. టెహ్రాన్‌లో చదువుతుండగా విప్లవం వచ్చి విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. తోటివాళ్లలో కొందరు పెళ్లిళ్లు చేసుకున్నారు, కొందరు దేశాలు పట్టిపోయారు. ఆమె ఇంటికొచ్చేసి, తలుపులు తెరుచుకునేదాకా తన చదువు తానే చదువుకుంది. తరువాత ఉస్తాద్ ముస్తోఫీ ఆమెను పిలిచి మా ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే పని ఇప్పించాడు. ఆయన శాఖాధిపతి, ఆమెకు గురువు. ఇప్పించింది తాత్కాలికపు పని. ఆమె తరువాత చేరిన మగవాళ్లందరూ ఒక్కొక్కరే పర్మనెంట్ అయ్యారు. ప్రతిసారీ ముస్తోఫీగారు "ఈసారి నీదే న్యాయం, ఏమంటావు?" అని అడిగేవాడు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో, ముందు ఆయనకివ్వండి, పిల్లలున్నవాడు" అనేది. మర్యాదస్తురాలు కదా మరి. ఆయన ఆ మాటే పట్టుకుని వాళ్లకే ఇచ్చేవాడు.

అలా నలభై దాటింది. అప్పటికి ఆమె ఒక పాత ప్రశ్నకు జవాబు కనుక్కుంది. ముడులు వేసి అల్లిన వల ఒకటుందనుకోండి. ఎక్కడ కొన్ని ముడులు తెగినా మిగతా వల విడిపోకుండా నిలవాలంటే దాన్ని ఎలా అల్లాలన్నది ఆ ప్రశ్న. గొప్పగొప్పవాళ్లు చెయ్యి పెట్టి వదిలేసినది. తూరాన్ వదల్లేదు. ఏళ్లు పట్టింది, సాధించింది.

కాగితాలు తీసుకెళ్లి ఉస్తాద్‌కు చూపించింది. ఆయన చదివాడు, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"తూరాన్ ఖానుమ్, ఇది అద్భుతం" అన్నాడు. మా దగ్గర ఆడవాళ్లను గౌరవంగా ఖానుమ్ అంటాం.

"మీ ముందు ఇదెంత ఉస్తాద్. అంతా మీరు పెట్టిన భిక్షే. ఇది మీదే" అంది తూరాన్.

"ఎంత మాట. కష్టపడింది నువ్వు."

"లేదు లేదు, మీదే అనుకోండి."

"బాగుండదమ్మా."

"మీరు తీసుకోకపోతే నామీద ఒట్టే."

ఇక్కడ ఆయన నవ్వి, కాగితాలు ఆమె చేతికి తిరిగి ఇవ్వాలి. ఆమె చెయ్యి చాచి ఉంచింది కూడా. "నువ్వింతగా బతిమాలుతుంటే కాదనడం మర్యాద కాదు" అని ఆయన వాటిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. తూరాన్‌కు చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక బల్లమీది చక్కెర ముక్క తీసి నోట్లో వేసుకుంది.

ఇంటికొచ్చి చెబితే తల్లి గొహర్ ఖానుమ్ నెత్తి కొట్టుకుంది.

"ఒట్టెందుకు పెట్టావే మొద్దూ? రెండుసార్లు అని ఊరుకోవాలి గానీ."

"ఆయన నిజంగా తీసుకుంటాడనుకున్నానా అమ్మా."

"ఇప్పుడు అడగలేవు. ఇచ్చింది వెనక్కి అడిగిందంటే ఊళ్లో మొహం ఎత్తుకోలేం."

అడగలేదు. నోరు కుట్టేసుకుని కూర్చుంది. రోజూ శాఖలో ఎదురుపడి సలాం చెప్పినప్పుడల్లా లోపల కుతకుత ఉడికిపోయేది.

వసంతంలో గణితసభ మా ఊళ్లోనే పెట్టారు. దేశం నలుమూలల నుంచీ పండితులొచ్చారు. వేదిక వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాశారు: ముస్తోఫీ సిద్ధాంతం. ఆ ఉదయం ఆయన ఉపన్యాసం. దాన్ని సభ సంపుటంలో అచ్చువేస్తారు. అచ్చయిందా, ఇక ఆ పేరు రాతిమీద గీత. తూరాన్ ముందు వరసలో కూర్చుని ఆ గుడ్డనే చూస్తూ ఉంది. పక్కన గొహర్ ఖానుమ్, ఒళ్లో ఖర్జూరపు బిళ్లల పొట్లంతో. లెక్కలు తెలియకపోయినా జనం ఎక్కడ పోగైతే ఆవిడ అక్కడ ఉండాలి.

ముస్తోఫీగారు సుద్దముక్క చేతబట్టుకుని నిలబడ్డాడు. మావాళ్లెవరూ తిన్నగా విషయంలోకి రారు. ముందు తమను తాము తగ్గించుకోవాలి.

"మా తూరాన్ ఖానుమ్ ఎదురుగా ఉండగా నేను నోరు విప్పడమే సాహసం" అన్నాడు, ఆమె వైపు వంగి. "ఈ వేదిక ఆవిడది. ఆవిడ వచ్చి చెబితే నేను కింద కూర్చుని నేర్చుకోవాల్సినవాణ్ణి."

సభంతా ముచ్చటపడి ఆమె వైపు తిరిగింది. ఇక్కడ ఆమె చెయ్యవలసింది చిన్నపిల్లకైనా తెలుసు. సగం లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నేను మీ కాలిధూళిని" అని కూర్చోవాలి.

తూరాన్ సగం లేచింది. చెయ్యి గుండె మీదికి వెళ్లింది కూడా. అప్పుడే ఆయన మొహంలో ఆ నిశ్చింత చూసింది. ఈమె కూర్చుంటుందన్న నిశ్చింత. ఎన్నేళ్లుగానో ఆయన దాని మీదే బతికాడు. ఒళ్లు భగ్గుమంది. పూర్తిగా లేచింది.

గొహర్ ఖానుమ్ కూతురి కోటు అంచు పట్టుకు లాగింది. "కూర్చోవే. మర్యాదకంటున్నాడు."

"నేనూ మర్యాదకే వెళ్తున్నాను. పెద్దాయన పిలిస్తే వెళ్లకపోతే తప్పు."

వేదికెక్కింది. ముస్తోఫీగారి పెదాలు నవ్వుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం దిగిపోయింది.

"ఏమిటిది?"

"మీరు పిలిచారు ఉస్తాద్."

"ఏదో మాటవరసకు అన్నాను."

"నేనూ ఆ రోజు మీ గదిలో మాటవరసకే అన్నాను."

పాపం, అంతమంది ఎదుట, పిలిచింది ఉత్తుత్తికే అని చెబితే పోయేది ఆయన పరువే. సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, తలవంచి దారి ఇచ్చి, వెళ్లి ఆమె కుర్చీలోనే కూర్చున్నాడు. గొహర్ ఖానుమ్ ఏం చెయ్యాలో తోచక పొట్లం విప్పి "తీసుకోండి ఉస్తాద్" అంది. ఆయన వద్దన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

తూరాన్ నల్లబల్ల మీద మొదటి గీత గీసింది. ఆ వెంటనే రెండోది. అదంతా ఆమె ఒంట్లోంచి వచ్చిన లెక్క, చూసి చెప్పాల్సిన పని లేదు. మధ్యలో తబ్రీజ్ నుంచి వచ్చిన ముసలాయన చెయ్యెత్తాడు.

"పక్కపక్క ముడులు రెండూ ఒకేసారి తెగితే? అక్కడ కూలుతుంది మీ వల."

"కూలదండీ. నేనూ అక్కడే ఒక చలికాలమంతా పడి ఏడ్చాను. చూడండి" అని నల్లబల్ల చెరిపి ఆ మెలిక విప్పి చూపించింది. ముసలాయన కాసేపు గడ్డం గోక్కుని "సరే సరే, కూలదు" అని ఒప్పుకున్నాడు. సభలో గుసగుస లేచింది.

ముగిసింది. అధ్యక్షుడు చప్పట్లు ఆగేదాకా నిలబడి, "ఉస్తాద్ ముస్తోఫీ సిద్ధాంతాన్ని ఇంత చక్కగా వివరించిన తూరాన్ కలాంతరీ ఖానుమ్‌కు మనందరి తరఫున" అని మొదలుపెట్టాడు.

"ఉస్తాద్‌ది కాదండీ. నాది" అంది తూరాన్.

మా దగ్గర మనిషి తను కట్టుకున్న ఇంటిని కూడా నాది అనడు, మీదే ఈ గరీబు గుడిసె అంటాడు. అలాంటిచోట ఆ మాట విని జనం కళ్లు తేలేశారు. అధ్యక్షుడు ముస్తోఫీగారి వంక చూశాడు. ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. తూరాన్ కిందికి దిగలేదు.

"ప్రశ్న పాతది. జవాబు నేను కనుక్కున్నాను. ఇందులో ఉస్తాద్ రాసింది ఒక్క గీత కూడా లేదు. ఉంటే ఆయన్నే చెప్పమనండి" అంది.

ఆయన అద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

భోజనాల దగ్గర అందరూ ఆమె బల్లకు దూరంగా కూర్చున్నారు. కుంకుమపువ్వు అన్నం, కబాబు ముందున్నా గొహర్ ఖానుమ్ ముద్ద ఎత్తలేదు. కాసేపటికి ముస్తోఫీగారు వచ్చాడు. తూరాన్ లేచి నిలబడింది. గురువు వస్తే లేవాలి, అది వేరే సంగతి.

"నా తల తీసేశావు" అన్నాడు.

"మీరు నాదే తీసేసుకున్నారు ఉస్తాద్."

"నీకు ఉద్యోగం ఇప్పించింది ఎవరు?"

"మీరే. దానికి బతికున్నన్నాళ్లూ మీరొస్తే లేచి నిలబడతాను. సిద్ధాంతం మాత్రం ఇవ్వను."

ఆయన గొంతు మార్చాడు. "సరే, గొడవెందుకు. రెండు పేర్లు వేద్దాం. ముందు నీదే."

"వద్దు."

"నా పేరు రెండోది, చిన్న అక్షరాల్లో. అందరికీ గౌరవంగా ఉంటుంది."

"వద్దు ఉస్తాద్."

"నా మాట విను తల్లీ. పెద్దవాణ్ణి అడుగుతున్నాను."

"వద్దండీ."

మూడుసార్లయింది. మా లెక్క ప్రకారం పెద్దవాళ్లు మూడుసార్లు బతిమాలాక వద్దు అంటే సరే అన్నట్టే. ఆయన తేలికపడి "అయితే అచ్చువాళ్లకు చెప్పేస్తాను" అని వెనుదిరిగాడు. తూరాన్ అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఇది తారొఫ్ కాదు. మీరు పొద్దుగూకేదాకా అడిగినా వద్దనే అంటాను."

ముస్తోఫీగారి మొహం ఎర్రబడింది. గొహర్ ఖానుమ్ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి. పద్ధతి తెలిసినవారు."

ఆవిడ కూతుర్ని చూసింది, ఆయన్ని చూసింది. "నేనేం చెప్పను. ఇన్నేళ్లూ ఇది మా పెరటి గోడ నిండా బొగ్గుతో లెక్కలు రాసేది. తిట్టుకుంటూ గోడ కడిగింది నేను. మిమ్మల్నెప్పుడూ ఆ పెరట్లో చూడలేదు."

ఆయన మెల్లగా, "నీ పర్మనెంట్ కాగితం నా బల్లమీదుంది. సంతకం నాది" అన్నాడు.

"తెలుసు."

"పెట్టను."

"పెట్టకండి."

ఆయన వెళ్లిపోయాక తూరాన్ కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తల్లి పళ్లెం ముందుకు తోసి "తిని ఏడువు, చల్లారిపోతోంది" అంది.

ఆయన అన్నంత పనీ చేశాడు. వేసవి సెలవులయ్యాక ఆమెను పనిలోకి పిలవలేదు. ఇప్పుడు ఆమె ఆడపిల్లల హైస్కూల్లో బీజగణితం చెబుతోంది, జీతం తక్కువ, గొంతు ఎక్కువ. సభ సంపుటంలో మాత్రం ఆమె ఒక్కదాని పేరే అచ్చయింది. విశ్వవిద్యాలయంలో ఆ వలల పాఠం ఏటా వస్తుంది. ఆ పాఠం చెప్పేది ముస్తోఫీగారే. పిల్లలు ఎదురుగా కూర్చుని చూస్తుండగా ఆయన సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద పైన, తన చేత్తో తానే రాయాలి: కలాంతరీ సిద్ధాంతం.