వెనక నుంచి అడిగిన మాట

ఇందుకూరుపేటలో మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడేందుకు మా మనవరాలు డెబోరా అద్దెకు తీసుకున్న గదిలో బైబిలు వాక్యం పటం తగిలిద్దామని మేకు, సుత్తి పట్టుకుని పోయాను. వద్దంది.

"దేవుడి మాట వద్దంటావేందే?"

"వద్దనడంలేదు అమ్మమ్మా. మనింట్లో పెట్టుకుందాం. ఈడికి గుడికి పోయేవాళ్ళు, మసీదుకి పోయేవాళ్ళు, యాడికీ పోనివాళ్ళు అందరూ వస్తారు. గడప దాటంగానే ఇది మనకి కాదులే అనుకోకూడదు గదా."

చిన్నబుచ్చుకున్నాను. అంతలో చీర కట్టుకున్న హిజ్రా ఒకామె వరండాలో నిలబడి, లోపలికి రావచ్చా అని బెదురుగా అడిగింది. డెబోరా ఎదురెళ్ళి, "మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?" అంది. పేరు చెప్పుకునేటప్పుడు ఆమె ముఖం చూశాను. పటం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. మైపాడు చెంచమ్మ సంగతి వేరు. "నా పేరు రాయి పెద్దమ్మా, దాచేదేముండాది" అని ఆమె అన్నాకే ఇది రాస్తున్నాను. ఆమె మొగుడు మునెయ్య పడవ తిరగబడి సముద్రంలో పోయాడు. అప్పటినుంచి కూతురు ఉషారాణిని గడప దాటనిచ్చేది కాదు. పిల్ల చెప్పులు వేసుకుంటే చాలు, చెంచమ్మకు ఊపిరాడేది కాదు. నెల్లూరులో డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరపడ్డాయి. రాయకపోతే ఇన్నేళ్ళ చదువూ వృథా. ఆ పిల్లే తల్లిని బతిమాలి తీసుకొచ్చింది.

చెంచమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. "పిచ్చి డాక్టరంట గదా! నాకేం పిచ్చి లేదు. అసలు ఏం చదివినావమ్మా నువ్వు?"

డెబోరా నవ్వింది. "నెల్లూరులో డిగ్రీ, విశాఖపట్నంలో సైకాలజీ, తర్వాత బెంగళూరు ఆస్పత్రిలో శిక్షణ అక్కా. తుపాన్లలో, యాక్సిడెంట్లలో బతికి బయటపడిన వాళ్ళతోనే నా పనంతా. మాత్రలు రాసే డాక్టర్ని కాను. నీకు యాడ బాగుంటే ఆడ కూర్చో."

చెంచమ్మ కుర్చీ వదిలేసి నేలమీద, తలుపుకు దగ్గరగా కూర్చుంది. డెబోరా కూడా నేలమీదే కూర్చుంది. మూలన కూర్చున్న నేను లేవబోతే చెంచమ్మ నా కొంగు పట్టుకుంది. "ఈ పెద్దమ్మ ఉంటేనే."

"ఈడ విన్నది ఈడే, అమ్మమ్మా," అంది డెబోరా. తలూపాను.

చెంచమ్మ నా కొంగు వదలకుండానే చెప్పింది. "ఆ పొద్దు ఆయన వల భుజానేసుకోని పోతావుంటే, ఎనకనించి 'యాడికీ' అని అడిగినా. అడగకూడదు గదా. నేనే చంపుకున్నా."

నేను డెబోరా వైపు చూశాను. అదంతా మూఢనమ్మకం అని ఈ చదువుకున్న పిల్ల ఒక్క మాటంటే చాలు, ఈమె లేచి పోతుంది, మళ్ళీ రాదు. డెబోరా ఆ మాట అనలేదు.

"అంతకుముందు ఎప్పుడూ అడగలేదా అక్కా?"

"అడక్కేం! రోజూ అడిగేదాన్నే. బంకుకి బీడీలకి పోతున్నా అడిగేదాన్ని. 'నువ్వేమన్నా పోలీసువా మే' అని ఎగతాళి చేసేవాడు." అంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. "రోజూ అడిగినా… రోజూ తిరిగొచ్చినాడు."

అప్పుడు ఏడ్చింది. డెబోరా ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. పక్కన ఉండిపోయింది.

ఒక్కనాటితో తీరిపోలేదు. కొన్నిసార్లు వస్తానని రాలేదు. వచ్చినప్పుడు డెబోరా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఉషారాణిని వీధి చివరిదాకా పంపేది. అది తట్టుకోగలిగాక, నేనూ తోడు కూర్చోగా, ఇంకాస్త దూరం.

పరీక్ష రోజు మైపాడు బస్సు దగ్గరికి చెంచమ్మతో నేనూ పోయాను. ఉషారాణి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. కండక్టర్ కేకేశాడు. నా కంటికి ఏ బస్సయినా మనుషుల్ని తీసుకుపోయేదే, తిరిగి తెస్తుందన్న నమ్మకం నాకే లేదు. ఈమె వదలదనే అనుకున్నాను.

వదిలింది. ఒక్కో వేలూ విప్పినట్టు వదిలింది. బస్సు కదిలి మలుపు తిరిగింది.

ముఖమంతా చెమట పట్టినా చెంచమ్మ నిలబడే ఉంది. నా వైపు తిరిగి, "నువ్వెందుకు వణకతన్నావు పెద్దమ్మా?" అంది.

టీ బంకు బల్లమీద నన్ను కూర్చోబెట్టింది. "కాళ్ళు నేలకి ఆనించు. ఆ, అట్టా. ఇప్పుడు నిదానంగా ఊపిరి వదులు. మా డెబోరమ్మ నేర్పింది ఇది."

డెబోరా నా మనవరాలని గుర్తుచెయ్యలేదు. చెప్పినట్టే ఊపిరి వదిలాను.