వాన చెప్పబోయే దిక్కు

సజ్జా రేకు మీద వాన.

మెల్లగా — ఎవరో వేళ్ళతో మట్టి గోకుతున్నట్టు.

సూరత్‌లో మా ఆల్థాన్ పేటలో అందరూ వాన కోసం ఎదురుచూశారు. నేను తప్ప.

పాత సమాధులు తవ్వి చదవడం నా ఉద్యోగం. గోతులు తవ్వుతాను — ఎవరికోసమూ కాదు, ఎవరివో. వెయ్యేళ్ళ ఎముకల పక్కన కూర్చుని పులిహోర తిన్నదాన్ని. పాతినవాళ్ళు బాగా పాతబడ్డాకే నా చేతికొస్తారు. వాళ్ళు దగ్గరు, తుమ్మరు. అందుకే వాళ్ళ దగ్గర భయం లేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఈ వేసవిలో ఊరంతా దగ్గింది.

మా ఇంట్లో వంటచేసే ఎల్లవ్వ భర్త రాములు పోయాడు. లింబాయత్‌లో మగ్గం మనిషి. వాళ్ళలో కాల్చరు, పూడుస్తారు. తెల్ల సూట్లవాళ్ళే పూడ్చారు. ఆమెను శ్మశానం గేటు దాటనివ్వలేదు.

మూడోనాడు గేటు తీశారు. పోయినవాడి పేరున పిట్టకు అన్నం పెట్టాలి. తల దగ్గర పెట్టాలి.

తల ఎటు?

"నువ్వు మట్టి జూసి మనిషిని చెప్తవు గద మైథిలమ్మా. జర చెప్పు. కాళ్ళకాడ పెడితె ముట్టడు. అసలే అలిగే మనిషి," అంది ఎల్లవ్వ.

వెళ్ళాను. రెండు మాస్కుల వెనక ఒక్క ప్రాణం.

జేసీబీ తవ్విన గొయ్యి — రెండు కొసలూ ఒకటే. రాయి లేదు. పూడ్చినవాళ్ళకూ గుర్తు లేదు. తలా తోకా లేని పరీక్ష.

ఎల్లవ్వ గిన్నెలో అన్నం, కోడికూర, ఆయనకిష్టమైన శనగపిండి లోచో. సూరత్‌లో లోచో అంటే తిండీ, చిక్కూ.

నవ్వు రాలేదు.

మట్టికి అంతా తెలుసు. చెప్పడమే ఆలస్యం. వానలు పడితే, లోపల ఛాతీ కుంగినచోట పైన గుంట పడుతుంది. ఆ గుంటకు దగ్గరి కొసే తల.

ఆ మాట ఆమెతో ఎలా అంటాను…

దిక్కు తోచలేదు.

దిక్కు చూపించాను.

దక్షిణం — వాళ్ళు మామూలుగా తల పెట్టే వైపు. అంతే నా శాస్త్రం.

ఆమె అక్కడే గిన్నె దించింది. జుట్టు సవరించినట్టు మట్టిని నిమిరింది. కాకి వాలి ముట్టింది. ఆకలికి దిక్కులేమిటి?

"తిన్నడు," అంది ఎల్లవ్వ.

ఆ రోజు నుంచి మబ్బు కనిపిస్తే నా ఛాతీలో గుంట పడుతోంది.

ఇవాళ రొట్టెలు వత్తుతూ అంది:

"మట్టి కుంగిందట మైథిలమ్మా. తట్టెడు మన్ను పోసొస్త. అంతట గాదట, ఒక్క కాడనే కుంగిందట. ఎందుకట్ల? నువ్వు గూడ రా, జూద్దువు."

దక్షిణం కొసా, ఉత్తరం కొసా — అని అడగబోయాను.

ఆమె చేతులు కడుక్కుంది. తన గొడుగు తీసింది. నాదీ తీసింది.

సజ్జా రేకు మీద వాన.

మెల్లగా… గోకుతూనే ఉంది.